ఒకే ఒక్క ఆప్షన్ పెట్టినవాడు: మెల్‌బోర్న్‌లో ల్యూక్ బాల్ కథ వెంట ఒక రోజు

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మన తెలుగువాళ్లకి ఇప్పుడు గుర్తొచ్చేది 2024 డిసెంబర్. బాక్సింగ్ డే టెస్టులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ, స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కన్నీళ్లు. ఆ వీడియో రాని ఫ్యామిలీ గ్రూప్ ఉండదేమో. కానీ ఈ ఊళ్లో ఒక్క చలికాలం గడిపితే తెలుస్తుంది, ఇక్కడివాళ్లకి ఆ గ్రౌండ్ ముందు క్రికెట్‌ది కాదు. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ నడిచేది వేరే ఆట. పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ముద్దుగా 'ఫుటీ'.

ప్రాజెక్టు పని మీద ఇక్కడికొచ్చిన ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నైనా అడగండి. ఆఫీసులో మొదటి వారంలోనే ఒక ప్రశ్న వస్తుంది: నువ్వే టీమ్? 'నాకు ఆట తెలీదు' అంటే వదలరు, ఎవరో ఒకరు తమ టీమ్‌లో చేర్చేసుకుంటారు. మా ఆఫీసులో కూడా ప్రతి వారం ఎవరు గెలుస్తారో పందెం రాసే లిస్టు ఉంది. లీగ్‌లో 18 క్లబ్బులుంటే అందులో 9 ఈ ఒక్క ఊరివే. అమీర్‌పేటకి ఒక టీమ్, కూకట్‌పల్లికి ఒకటి, దిల్‌సుఖ్‌నగర్‌కి ఇంకోటి ఉండి, వందేళ్లకు పైగా కొట్టుకుంటుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫైనల్‌కి ముందు రోజు శుక్రవారం రాష్ట్రం మొత్తానికి సెలవు కూడా ఇస్తారు.

ఆ లిస్టు దగ్గరే ల్యూక్ బాల్ పేరు మొదటిసారి విన్నా. ఇంటిపేరే బాల్ కాబట్టి ఎవరో జోకేస్తున్నారనుకున్నా. కానీ సెయింట్ కిల్డా అభిమాని అయిన ఒక సహోద్యోగి ఆ పేరు వినగానే మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మనిషి క్లబ్ మారి పదిహేనేళ్లయింది. రిటైరై కూడా చాలా ఏళ్లయింది. ఇంకా ఇంత కోపమా? ఈ ప్రశ్నకి జవాబు ఊళ్లో మూడు చోట్ల దొరుకుతుంది. మెల్‌బోర్న్ వస్తే ఒక్క రోజులో మూడూ చూడొచ్చు. మైకీ కార్డులో కాస్త డబ్బులుంటే చాలు.

మొదటి మజిలీ: విక్టోరియా పార్క్

మెర్ండా లేదా హర్స్ట్‌బ్రిడ్జ్ వైపు వెళ్లే రైలెక్కి విక్టోరియా పార్క్ స్టేషన్‌లో దిగండి. పక్కనే పాత గ్రౌండ్. 1892 నుంచి 1999 దాకా కాలింగ్‌వుడ్ క్లబ్ సొంతిల్లు ఇదే. ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికులుండే పేట ఇది. ఇప్పుడు చుట్టుపక్కల అద్దెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. గ్రౌండ్ మాత్రం అందరిదీ. టికెట్ లేదు. పాత స్టాండ్లు కొన్ని అలాగే ఉన్నాయి. పొద్దున్నే జనం కుక్కల్ని తీసుకొచ్చి వదులుతారు.

కాలింగ్‌వుడ్ రంగులు నలుపు, తెలుపు. మాగ్‌పై పిట్ట వాళ్ల గుర్తు. అభిమానులు ఎక్కువ, వాళ్లని చూస్తే ఒళ్లుమండేవాళ్లు ఇంకా ఎక్కువ. సెయింట్ కిల్డాకీ వీళ్లకీ మధ్య ఈ గడ్డ మీదే ఒక పెద్ద జ్ఞాపకం ఉంది. 1993 ఏప్రిల్ 17న ఇక్కడ ఆడిన సెయింట్ కిల్డా ఆటగాడు నికీ విన్మార్ ఆస్ట్రేలియా మూలవాసి. మ్యాచ్ అంతా జాతి పేరుతో తిట్లు పడ్డాడు. గెలిచాక ప్రేక్షకుల వైపు తిరిగి, జెర్సీ పైకెత్తి, తన ఒంటి రంగుని వేలితో చూపించాడు. ఆ ఫొటో ఈ దేశంలో బడి పిల్లలకి కూడా తెలుసు. పెర్త్ స్టేడియం దగ్గర అదే భంగిమలో ఆయన విగ్రహం పెట్టారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1966. సెయింట్ కిల్డా తన మొత్తం చరిత్రలో గెలిచిన ట్రోఫీ ఒక్కటే, అది ఆ ఏడాదిదే. ఫైనల్లో ఎవరి మీద? కాలింగ్‌వుడ్ మీద. ఎన్ని పాయింట్ల తేడాతో? ఒక్కటి. 74-73. ఈ రెండు క్లబ్బుల మధ్య నడిచి వెళ్లడమంటే మామూలు ఉద్యోగం మారడం కాదని అర్థమవడానికి ఇంత చెప్పాల్సి వచ్చింది.

ఎంసెట్‌కి తలకిందులు

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో చూద్దాం. మనకి ఎంసెట్ కౌన్సెలింగ్ తెలుసు. మంచి ర్యాంక్ వచ్చినవాడు ముందు కాలేజీ ఎంచుకుంటాడు. ఇక్కడ అది పూర్తిగా తలకిందులు. ఎంచుకునేది విద్యార్థి కాదు, కాలేజీ. అది కూడా రిజల్ట్స్ అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న కాలేజీకే మొదటి ఛాన్స్. టాప్ ర్యాంకర్ వెళ్లి అందులోనే చేరాలి. పెర్త్ పిలిస్తే పెర్త్, బ్రిస్బేన్ పిలిస్తే బ్రిస్బేన్. ఇంటి పక్కనే నచ్చిన క్లబ్ ఉన్నా సరే.

1986లో ఇది మొదలైంది. ఉద్దేశం మంచిదే. డబ్బున్న క్లబ్బులే మంచి ఆటగాళ్లందర్నీ ఎగరేసుకుపోకుండా, అడుగున ఉన్నవాళ్లు పైకి రావాలి. జీతాల మీద కూడా క్లబ్‌కి ఇంత అని పరిమితి ఉంటుంది. ఐపీఎల్ వేలంలోనూ ఆటగాడు జట్టుని ఎంచుకోడు కదా అనొచ్చు. నిజమే, కానీ అక్కడ ధర పెరుగుతుంది, సీజన్ రెండు నెలలు. ఇక్కడ 18 ఏళ్ల కుర్రాడు ఇల్లు, ఊరు, అమ్మ చేతి వంట వదిలి ఏళ్ల తరబడి ఉండాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనకి ఇది మరీ కొత్తేం కాదు. నా మొదటి కంపెనీలో ట్రైనింగ్ అయ్యాక లొకేషన్ ప్రిఫరెన్స్ మూడు ఇవ్వమన్నారు. మూడు గళ్లలోనూ హైదరాబాద్ అనే రాశా. పుణె పంపించారు. నవ్వుకుని సర్దుకుపోయాం, మా బ్యాచ్ అంతా. ల్యూక్ బాల్ కథ నాకు అంతలా పట్టడానికి కారణం అదే. ఒకే గడి నింపి, పంతం నెగ్గించుకున్నవాడు ఎలా ఉంటాడో చూడాలనిపించింది.

రెండో ర్యాంకర్

2001 డ్రాఫ్ట్‌ని ఇక్కడ ఇప్పటికీ 'సూపర్ డ్రాఫ్ట్' అంటారు. మొదటి పిలుపు హాథార్న్‌ది, ల్యూక్ హాడ్జ్. రెండోది సెయింట్ కిల్డాది, ల్యూక్ బాల్. మూడోది వెస్ట్ కోస్ట్‌ది, క్రిస్ జడ్. ఈ జడ్ తర్వాత లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ రెండుసార్లు గెలిచాడు. హాడ్జ్ నాలుగు ట్రోఫీలు ఎత్తాడు. మధ్యలో ఉన్న బాల్‌ని జీవితాంతం ఆ ఇద్దరితో పోల్చారు. క్లాసులో ఫస్ట్‌కీ థర్డ్‌కీ మధ్య కూర్చున్న సెకండ్ ర్యాంకర్ బాధ మనకి తెలియనిదా?

బాల్ మెరుపులు మెరిపించే ఆటగాడు కాదు. నలుగురు కలబడి పడిపోయిన చోట, అడుగున చెయ్యి పెట్టి బంతిని బయటికి తీసేవాడు. దెబ్బలన్నీ అతనికి, చప్పట్లు అందుకున్నవాడికి. గాయాల వల్ల 2002లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2005లో లీగ్ మొత్తం నుంచి ఎంపిక చేసే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో చోటు సంపాదించాడు. సెయింట్ కిల్డాకి కెప్టెన్‌గానూ చేశాడు.

2009 వచ్చింది. సెయింట్ కిల్డా ఆ ఏడాది వరసగా మొదటి 19 మ్యాచ్‌లు గెలిచింది. 1966 తర్వాత మళ్లీ ట్రోఫీ ఇదేనని ఊరంతా అనుకుంది. కానీ కోచ్ రాస్ లయన్ హయాంలో బాల్ మైదానంలో ఉండే సమయం తగ్గుతూ వచ్చింది. ఫైనల్లో జీలాంగ్ మీద 12 పాయింట్లతో ఓడిపోయారు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. ఆ పెద్ద రోజున బాల్ చాలాసేపు బెంచ్ మీదే ఉన్నాడు. మన దగ్గర 'బెంచ్' అంటే ప్రాజెక్టు లేకుండా జీతం తీసుకోవడం. ఆ జీతం ఎంతున్నా లోపల ఎంత కొరుకుతుందో బెంచ్ మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

కాంట్రాక్ట్ అయిపోయింది. వయసు 25. కాలింగ్‌వుడ్ వెళ్తానన్నాడు.

పిలుపు నంబర్ 30

అక్టోబర్‌లో క్లబ్బులు ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు ఉంటుంది. కాలింగ్‌వుడ్ ఇస్తామన్నది సెయింట్ కిల్డాకి తక్కువనిపించింది. బేరం తెగలేదు. గడువు ముగిసింది.

ఇప్పుడు బాల్‌కి మిగిలినవి మూడు దారులు. ఒకటి, తల వంచుకుని వెనక్కి వెళ్లడం. రెండు, డిసెంబర్‌లో జరిగే ప్రీ సీజన్ డ్రాఫ్ట్. అందులో మొదటి పిలుపు పట్టికలో అట్టడుగున ఉన్న మెల్‌బోర్న్ క్లబ్‌ది. అనుభవమున్న ఆటగాడు ఊరికే దొరికితే వాళ్లు వదులుతారా? మూడు, నవంబర్ నేషనల్ డ్రాఫ్ట్, అంటే 18 ఏళ్ల పిల్లల మధ్య నిలబడటం. చూడ్డానికి ఇది ఇంకా ప్రమాదకరం. కాలింగ్‌వుడ్ వంతు వచ్చేది 30వ పిలుపులో. అంతకంటే ముందు 29 పిలుపులు. అందులో మెల్‌బోర్న్‌కే నాలుగు: 1, 2, 11, 18.

కానీ లెక్క ఇక్కడే ఉంది. ప్రీ సీజన్ డ్రాఫ్ట్‌లో బాల్‌ని తీసుకుంటే మెల్‌బోర్న్‌కి పెద్దగా పోయేదేం లేదు. నేషనల్ డ్రాఫ్ట్‌లో తీసుకోవాలంటే మాత్రం పదేళ్లు ఆడే కొత్త కుర్రాణ్ని వదులుకోవాలి. అది కూడా 'నాకు కాలింగ్‌వుడ్ తప్ప వేరే వద్దు' అని తేల్చి చెప్పిన మనిషి కోసం. బాల్ మిగతా క్లబ్బుల్ని ప్రోత్సహించలేదు. వెబ్ ఆప్షన్స్‌లో ఒకే ఒక్క కాలేజీ పెట్టి ఫ్రీజ్ కొట్టేశాడన్నమాట.

2009 నవంబర్ 26. మెల్‌బోర్న్ నాలుగుసార్లు పిలిచింది, నాలుగుసార్లూ కుర్రాళ్లనే. మిగతా క్లబ్బులూ అంతే. 30వ నంబర్ రాగానే కాలింగ్‌వుడ్ పిలిచింది: ల్యూక్ బాల్. సెయింట్ కిల్డా చేతికి చిల్లిగవ్వ రాలేదు.

గొడవ మొదలైంది. ఒకవైపు వాదన ఇది: డ్రాఫ్ట్ ఉన్నదే ఆటగాడు క్లబ్‌ని ఎంచుకోకుండా ఉండటానికి. ఇలా 'నేను అక్కడికే' అంటూ పోతే, పైన ఉన్న క్లబ్బులు ఇంకా పైకి పోతాయి, కిందివాళ్లు అక్కడే ఉంటారు. రెండోవైపు: ఎనిమిదేళ్లు ఒకే చోట ఒళ్లు హూనం చేసుకున్నవాడికి తర్వాతి ఉద్యోగం ఎక్కడ చెయ్యాలో చెప్పే హక్కు లేదా?

మొదటి వాదనలో బలం ఉంది. సెయింట్ కిల్డా అభిమాని కడుపుమంట కూడా అబద్ధం కాదు. కానీ ఆ వ్యవస్థ అప్పటికి ఎంత శుభ్రంగా ఉందో కూడా చూడాలి. రెండు వరస పిలుపులు, 1, 2 మెల్‌బోర్న్‌కే ఎందుకొచ్చాయి? వరసగా రెండేళ్లు మరీ తక్కువ మ్యాచ్‌లు గెలిచిన క్లబ్‌కి బోనస్‌గా ఒక అదనపు పిలుపు ఇచ్చే రూల్ అప్పట్లో ఉండేది. దానికోసం ఆ సీజన్‌లో కావాలనే ఓడిపోయిందని మెల్‌బోర్న్ మీద ఆరోపణలొచ్చాయి. లీగ్ విచారణ చేసింది. కావాలని ఓడినట్టు తేలలేదంది, కానీ 2013లో క్లబ్‌కి 5 లక్షల డాలర్ల జరిమానా వేసి, ఇద్దర్ని సస్పెండ్ చేసింది. అంటే ఫెయిలైతే బహుమతి ఇచ్చే పద్ధతిలో నిజాయితీ భారమంతా ఆటగాడి నెత్తినే పెట్టారు.

రెండో మజిలీ: ఎంసీజీ

విక్టోరియా పార్క్‌లో మళ్లీ రైలెక్కితే నాలుగో స్టేషన్ జోలిమాంట్. ఆ దూరం చూస్తేనే నవ్వొస్తుంది. దిగి యారా పార్క్ చెట్ల మధ్య నడవండి. కొన్ని పెద్ద చెట్ల మానుల మీద పొడవాటి మచ్చలుంటాయి. ఇక్కడి మూలవాసులు పడవలకీ పాత్రలకీ బెరడు తీసుకున్న గుర్తులవి. స్టేడియం ఆ చెట్ల ముందు నిన్నగాక మొన్నటిది. 1858లో రెండు స్కూళ్లు ఈ మైదానాల్లోనే ఆడిన ఫుటీ మ్యాచ్ గుర్తుగా బయట ఒక విగ్రహాల గుంపు ఉంటుంది. అంపైరింగ్ చేస్తున్నట్టున్నది టామ్ విల్స్, ఈ ఆట తొలి నియమాలు రాసినవాళ్లలో ఒకడు. కాస్త అవతల షేన్ వార్న్. మనకి స్పిన్నర్, తనకి తాను మాత్రం ముందు సెయింట్ కిల్డా అభిమాని. ఆ క్లబ్ రిజర్వ్ జట్టుకి ఒక మ్యాచ్ ఆడాక వాళ్లు వద్దన్నారు. క్రికెట్ బతికిపోయింది!

టూర్ తీసుకుంటే మైదానం అంచుదాకా తీసుకెళ్తారు. రెండు చివర్లా నాలుగేసి కర్రలు. మధ్య రెండింటి నడుమ బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. ఆ ఒక్క పాయింట్ విలువేంటో 2010 చెప్పింది.

2010 సెప్టెంబర్ 25. ఫైనల్. కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా. అవును, ఆ రెండే! లక్షా 16 మంది జనం. నలుపు తెలుపు జెర్సీలో బాల్, ఎదురుగా నిన్నటిదాకా తనతో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లు. చివరి నిమిషాల్లో లెనీ హేస్ తన్నిన బంతి గోల్ వైపు దొర్లింది. అందుకోబోయిన స్టీఫెన్ మిల్న్ చేతికి చిక్కకుండా, ఆ కోడిగుడ్డు ఆకారం బంతి అడ్డదిడ్డంగా ఎగిరి పక్క సందులోకి పోయింది. 6 రావాల్సిన చోట 1. సైరన్ మోగేసరికి స్కోరు 68-68. టై.

గెలిచినవాళ్లు లేరు, ఓడినవాళ్లు లేరు. ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడే గడ్డి మీద కూలబడిపోయారు. అప్పటి రూల్ ప్రకారం ఎక్స్‌ట్రా టైమ్ లేదు, వారం తర్వాత మళ్లీ ఆడాలి. అక్టోబర్ 2న మళ్లీ ఆడారు. ఈసారి పోటీయే లేదు. కాలింగ్‌వుడ్ 108, సెయింట్ కిల్డా 52. బెంచ్ మీద కూర్చోబెట్టినవాడి మెడలో ట్రోఫీ మెడల్, కూర్చోబెట్టిన క్లబ్ చేతులు ఖాళీ. పుండు మీద కారం అంటే ఇదే. ఈ రెండు మ్యాచ్‌ల ఫొటోలు చూశాకే మా సహోద్యోగి మొహం ఎందుకు తిప్పుకున్నాడో నాకు అర్థమైంది.

మూడో మజిలీ: సెయింట్ కిల్డా

ఎంసీజీ నుంచి ఊరి మధ్యకి నడిచి, 16వ నంబర్ ట్రామ్ ఎక్కండి. చెట్ల వరసల మధ్య సెయింట్ కిల్డా రోడ్డు మీదుగా పోయి, ఫిట్జ్‌రాయ్ స్ట్రీట్‌లో జంక్షన్ ఓవల్ పక్కనుంచి సముద్రం వైపు తిరుగుతుంది. 1964 దాకా సెయింట్ కిల్డా క్లబ్ ఆడింది ఆ ఓవల్‌లోనే. తర్వాత మూరాబిన్‌కి మారిపోయింది. అయినా ఆ ఎరుపు, తెలుపు, నలుపు రంగులు ఈ వీధుల్ని వదల్లేదు.

ట్రామ్ దిగితే లూనా పార్క్. 1912 నుంచి అదే పెద్ద నోరు తెరుచుకుని నవ్వుతున్న మొహం, ఆ నోట్లోంచే లోపలికి దారి. పక్కన ఆక్లండ్ స్ట్రీట్ కేకుల షాపులు. మన వైజాగ్ బీచ్ రోడ్డులా సాయంత్రమైతే ఊరంతా ఇక్కడికే వస్తుంది. 1966 తర్వాత ఈ క్లబ్ మళ్లీ ట్రోఫీ చూడలేదు. తాతలు గెలుపు చూశారు, నాన్నలు ఓటమి చూశారు, మనవలు ఇంకా కండువా కప్పుకుని వెళ్తూనే ఉన్నారు. అన్ని క్లబ్బుల కంటే వీళ్ల మీదే నాకు గౌరవం ఎక్కువ. గెలిచే టీమ్ వెంట ఎవరైనా పోతారు.

అలాంటి చోటునుంచి చూస్తే బాల్ పారిపోయినవాడిలాగే కనిపిస్తాడు. ఎంసీజీ నుంచి చూస్తే తన పని తనకి కావాలని అడిగినవాడిలా కనిపిస్తాడు. రెండింటి మధ్య ఒక్క ట్రామ్ టికెట్ దూరం.

తర్వాత ఏమైందంటే

బాల్ కాలింగ్‌వుడ్‌కి మరో నాలుగేళ్లు ఆడాడు. 2012లో మోకాలు దెబ్బతిని సీజన్ పోయింది. 2014 చివర్లో రిటైరయ్యాడు. మొత్తం 223 మ్యాచ్‌లు. అందులో 142 సెయింట్ కిల్డా తరఫునే. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. తన క్లబ్ తాను ఎంచుకున్నందుకు తిట్లు తిన్నవాడినే మిగతా ఆటగాళ్లు తమ నాయకుడిగా ఎంచుకున్నారు.

2012 సీజన్ చివర్లో లీగ్ ఫ్రీ ఏజెన్సీ తెచ్చింది. ఒకే క్లబ్‌లో ఎనిమిదేళ్లు పూర్తిచేసినవాళ్లకి నచ్చిన క్లబ్‌కి వెళ్లే దారి తెరుచుకుంది. 2009లో క్లబ్ వదిలేసరికి బాల్ సర్వీసు లెక్కేయండి. సరిగ్గా ఎనిమిది సీజన్లు. మూడేళ్లు ముందుగా అడిగాడు, అంతే తేడా.

ఇక మెల్‌బోర్న్ క్లబ్ సంగతి. ఆ రోజు బాల్ కోసం ఖర్చు పెట్టని 1వ నంబర్‌తో తెచ్చుకున్న టామ్ స్కల్లీ రెండు సీజన్లాడి సిడ్నీలో కొత్త క్లబ్‌కి వెళ్లిపోయాడు. 2వ నంబర్ జాక్ ట్రెంగోవ్ 20 ఏళ్లకే కెప్టెనయ్యాడు, గాయాలు నిలవనివ్వలేదు. కానీ బాల్ తర్వాత నాలుగే పిలుపులకి, 34వ నంబర్‌లో, ఒక పొడుగాటి కుర్రాణ్ని తీసుకున్నారు. పేరు మ్యాక్స్ గాన్. 2021లో మెల్‌బోర్న్‌కి 57 ఏళ్ల తర్వాత ట్రోఫీ తెచ్చిన కెప్టెన్ అతనే. టాప్ ర్యాంకులు పోయాయి, 34 నిలబడింది. ఎంసెట్ రాసిన మనకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఉన్న మన తెలుగు పిల్లలు ఇప్పుడు శనివారం పొద్దున్నే ఈ కోడిగుడ్డు బంతి పట్టుకుని పార్కులకి పోతున్నారు. వాళ్లలో ఒకరి పేరు ఏదో ఒక నవంబర్‌లో డ్రాఫ్ట్‌లో వినిపించొచ్చు. అప్పుడు ఆ ఇంట్లో మొదటి మాట 'ఏ నంబర్?' అని కాకుండా 'ఏ ఊరు?' అని ఉంటుంది. పిల్లాడు ఎక్కడుంటాడో, ఏం తింటాడో అని అమ్మ అడిగే ప్రశ్న అది. ఆ ప్రశ్నకి పిల్లాడి మాట కూడా కొంచెం చెల్లుతోందంటే, అందులో 30వ నంబర్‌గా పిలిపించుకున్న ఆ మొండివాడి వాటా ఉంది.